గాజు గొట్టం తనంతట తాను కోసుకోదు

మొన్న సోమవారం ఉదయం జూబ్లీహిల్స్‌లోని మా ఆఫీసు ఫ్రిజ్ తెరిచాను. వారాంతానికి ముందు ఎవరో మరిచిపోయిన ముల్లంగి కూర డబ్బా లోపల మూత ఊడి పడి ఉంది. కుళ్ళిన ముల్లంగి ఘాటు ముక్కుకు తగలగానే నా చేయి కిటికీ గడియ మీదికి వెళ్ళింది. అది కూర మాత్రమేనన్న సంగతి ఆ తరువాత గానీ బుద్ధికి అందలేదు. పక్కనున్నవాళ్ళు నవ్వారు. పాచి కూరకు ఇంత కంగారు పడే మనిషిని వాళ్ళు చూసి ఉండరు. వైదేహి మేడమ్ అక్కడ ఉంటే నవ్వేవారు కాదు. కిటికీ ముందు తెరిచావు, డబ్బా తరువాత చూశావు, వరస సరిగానే ఉంది అనేవారు.

ఆమె గురించి ఫిల్మ్ నగర్‌లో ఇప్పటికీ ఒక కథ చెప్పుకుంటారు. ఆమెను ఎన్నడూ చూడని పాఠకుల కోసం రాస్తున్నాను కనుక, నేను చూసినదాన్నీ నా చెవిన పడినదాన్నీ ముందే విడదీయడం నా బాధ్యత. డాక్టర్ వైదేహి విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్రం బోధించి, పదవీ విరమణ చేసి, వెంగళరావు నగర్‌లో స్థిరపడ్డారు. ఒక సినిమాకు శాస్త్ర సలహాదారుగా ఉండడానికి ఒప్పుకున్నారు. ఆ సినిమా ముహూర్తం నాడు సెట్టులో విషవాయువు పుట్టింది. మల్లేశం అనే సెట్టు పనివాడు దాన్ని పీల్చి ఆసుపత్రి పాలయ్యాడు. ఇంతవరకు ఖాయం. ఆమె సెట్టుకు రేడియం తెచ్చిందనేది వదంతి, పైగా అబద్ధం. కథానాయకుడు ప్రాణాలకు తెగించి ఆ 'రేడియం రాయి'ని చేత్తో పట్టుకున్నాడనేది అంతకంటే పెద్ద అబద్ధం. వాయువు పుట్టిన సమయానికి ఆయన తన క్యారవాన్‌లోంచి దిగనే లేదు. ఆ వాయువే చివరికి మేడమ్‌ను బలి తీసుకుందనేది మూడో మాట. ఆమె గుండెజబ్బుతో పోయారు. ఆ సంగతి చెప్పిన వైద్యుడి ఎదుట నేనే కూర్చుని ఉన్నాను.

వీటిలో రెండో అబద్ధాన్ని ఆ కథానాయకుడే, సినిమా విడుదలకు ముందు జరిగిన వేడుకలో, మైకు పట్టుకుని చెప్పాడు. జనం ఈలలు వేశారు. మల్లేశం పేరు ఎవరూ ఎత్తలేదు. ఆ ఈలలు విన్ననాడు పుట్టిన కోపం చల్లారుతుందేమోనని చాలాకాలం ఆగి చూశాను. చల్లారలేదు.

మేడమ్ జీవితమంతా పనిచేసింది ఒకే కుటుంబానికి చెందిన పదార్థాల మీద. లోహం, భాస్వరం, సెలీనియం కలిసి ఏర్పడే సమ్మేళనాలు అవి. ఆ మూడింటినీ సరైన పాళ్ళలో తూచి, ఒక కొస మూసిన క్వార్ట్జ్ గొట్టంలో వేసి, లోపలి గాలి తోడేసి, రెండో కొసను మంటతో కరిగించి మూసేస్తారు. తరువాత కొలిమిలో పెట్టి రోజుల తరబడి మెల్లగా వేడి చేస్తారు, అంతకంటే మెల్లగా చల్లారుస్తారు. తొందరపడితే సెలీనియం ఆవిరి ఒత్తిడికి గొట్టం పేలిపోతుంది. ఓపిక పడితే లోపల స్ఫటికాలు పెరుగుతాయి. ఇనుముతో చేస్తే అభ్రకంలా పొరలుపొరలుగా ఊడివచ్చే నల్లని రేకులు వస్తాయి. వాటిని బల్ల మీద వదిలేసినా ఏమీ కాదు. అదే పొటాషియంతో చేస్తే నారింజ ఎరుపులో సూదుల్లాంటి స్ఫటికాలు, చూపు తిప్పుకోలేనంత అందంగా వస్తాయి. వాటికి మాత్రం గాలిలోని తేమ కూడా పడదు. నీరు తగిలితే విడిపోయి, కుళ్ళిన ముల్లంగి వాసన వేసే హైడ్రోజన్ సెలెనైడ్ అనే విషవాయువును వదులుతాయి. పులుపు తగిలితే మరీ త్వరగా వదులుతాయి. భాస్వరం, సెలీనియం అన్నిట్లోనూ అవేనమ్మా, మర్యాద మాత్రం లోహాన్ని బట్టి ఉంటుంది అని ఆమె తరగతిలో అనేవారు.

నేను ఆమె దగ్గర పరిశోధనకు చేరిన కొత్తలో కొలిమిలోంచి తీసిన గొట్టం చూసి, చర్య పూర్తయిందని ఉత్సాహంగా చెప్పాను. ఆమె తల ఎత్తలేదు.

"నువ్వు ఏం చూశావు?"

"పొడి నల్లగా మారింది మేడమ్."

"అయితే నల్లగా మారిందని చెప్పు. పూర్తయిందని నీకెవరు చెప్పారు?"

ఎవరూ చెప్పలేదు. ఎక్స్-కిరణాల పరీక్షలో చూస్తే సగం సెలీనియం అలాగే మిగిలి ఉంది. ఆ రోజు సిగ్గుపడ్డాను గానీ ఆమె నన్ను సిగ్గుపరచాలని ఆ మాట అనలేదు. మరునాడు తన సొంత ఫలితం ఒకటి తెచ్చి నా ముందు పెట్టి, ఇందులో నేను చూసిందేదో, ఊహించిందేదో వేరు చేసి చెప్పమన్నారు. గంటసేపు వెతికి ఒకచోట ఆమె ఊహను పట్టుకున్నాను. అప్పుడు ఆమె ముఖంలోని సంతోషం చూసి కలిగిన ఆనందం నాకు తరువాత ఏ పట్టా అందుకున్నప్పుడూ కలగలేదు. ఇవాళ ప్రకటనల్లోనూ సినిమాల్లోనూ వచ్చే శాస్త్రపు మాటల నిజానిజాలు తేల్చి చెప్పే ఉద్యోగంతో బతుకుతున్నాను. ఆ ఉద్యోగం నాకు నిజానికి ఆ గంటలోనే దొరికింది.

ఆ సినిమా వాళ్ళు ఒక శాస్త్రవేత్త కథ తీయాలనుకున్నారు. దర్శకుడి బంధువు ఒకాయన మేడమ్ పూర్వ విద్యార్థి. ఆయన మాట కాదనలేక ఆమె ఒప్పుకున్నారు. సహాయానికి నన్ను రమ్మన్నారు. ఫిల్మ్ నగర్‌లోని వాళ్ళ ఆఫీసులో మొదటి సమావేశమంతా స్ఫటికాలు వెలగాలా వద్దా అనే దాని మీదే నడిచింది. దర్శకుడు పచ్చగా వెలగాలన్నాడు. అవి వెలగవని ఆమె చెప్పారు. కనీసం నీలంగానైనా అని అతను బేరమాడాడు. ప్రొడక్షన్ మేనేజర్ ఫణీంద్ర మధ్యలో కలగజేసుకుని, మేడమ్ గారు సైన్సుకు అన్యాయం జరగకుండా చూస్తారు, మనం సినిమాకు జరగకుండా చూద్దాం అని నవ్వించాడు. భీమవరం వైపు మాట, మెత్తని పలకరింపు, టీ కప్పు తానే అందించే వినయం. నాకు ఆ రోజు అతను నచ్చాడు. ఇది కూడా నేను చూసిన సంగతే కనుక దాచడం లేదు.

దగ్గరి షాట్లకు నిజమైన స్ఫటికాలు కావాలన్నారు. ఆమె నల్లని రేకులున్న గొట్టం ఇస్తానన్నారు. కెమెరాకు నలుపు ఆనదని దర్శకుడు దిగులుపడ్డాడు. చివరికి, ఎప్పటికీ తెరవకూడదనే షరతు మీద ఎర్ర స్ఫటికాల గొట్టం కూడా ఇవ్వడానికి ఆమె అంగీకరించారు. ముహూర్తానికి ముందురోజు రెండు గొట్టాలనూ మేమే తీసుకెళ్ళి, సెట్టు సామాను చూసుకునే మల్లేశానికి అప్పగించాం. కృష్ణానగర్‌లో ఒక గదిలో భార్యతో ఉంటాడు. నలభై దాటిన మనిషి. తెరిస్తే ఏమవుతుందో ఆమె అతనికి విడమరిచి చెప్పారు. అతను గొట్టాన్ని పసిబిడ్డను అందుకున్నట్టు రెండు చేతులతో అందుకుని, "నా పానం లెక్క చూస్త మేడమ్, మీరు ఫికర్ జెయ్యకుండ్రి" అన్నాడు.

ఆ నిర్మాణ సంస్థలో ఒక సెంటిమెంటు ఉందని మాకు తెలియదు. ముహూర్తం వేళకు సెట్టులో ఏ వస్తువూ మూత పడి ఉండకూడదు. మేకప్ పెట్టెలు, లెన్సుల పెట్టెలు, చివరికి టిఫిన్ క్యారియర్లు కూడా తెరిచి పెడతారు. మూత పడి ఉన్నది ఒక్కటున్నా బొమ్మ డబ్బాలోనే ఉండిపోతుందని నమ్మకం. ఎన్నో ఏళ్ళుగా పాటిస్తున్నారట. ఆ ఉదయం దేవుడి పటాల ముందు పరిచిన వస్తువుల్లో మూసి ఉన్నవి రెండే: మా గొట్టాలు. నల్లదాన్ని తీసి పక్కన పెట్టవచ్చు, కథకు ప్రాణమైన ఎర్ర గొట్టాన్ని మాత్రం వీలుకాదు.

మేము జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర ట్రాఫిక్‌లో చిక్కుకుని, పూజ సగంలో చేరుకున్నాం. సెట్టు గుమ్మంలోనే ఆ ముల్లంగి ఘాటు తగిలింది. జనం దగ్గుతూనే హారతికి దండం పెడుతున్నారు. జనరేటర్ పొగ అని ఒకరు, మురుగు కాలువ అని ఇంకొకరు అంటున్నారు. పటాల ముందు మల్లేశం ఇత్తడి పళ్ళెం పట్టుకుని నిలబడ్డాడు. పళ్ళెంలో ఎర్ర స్ఫటికాలు, వాటి మీద చల్లిన పసుపు నీళ్ళు, కోసి కుంకుమ అద్దిన నిమ్మచెక్కలు. కెమెరా పళ్ళేన్ని దగ్గరగా తీస్తోంది. కదలవద్దని ఎవరో అతనికి చెబుతున్నారు. అతని కళ్ళ నుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి.

మేడమ్ గొంతు పెంచడం నేను ఆ ఒక్కరోజే విన్నాను. పళ్ళెం అక్కడే పెట్టేయమన్నారు, అందరినీ ఆరుబయటికి పొమ్మన్నారు. ఎవరో బకెట్టుతో నీళ్ళు తెస్తుంటే అడ్డం నిలబడి, పోస్తే ఇంకా పుడుతుందని ఆపారు. లోపలి గాలి మారేదాకా గుమ్మంలో ఎవరినీ అడుగు పెట్టనివ్వలేదు. కాసేపటికి ఫణీంద్ర వచ్చాడు.

"ఇప్పుడేం లేదండీ మేడమ్ గారూ, వాసన పోయింది. ముహూర్తం దాటిపోకుండా ఒక్క షాటు తీసేసుకుందాం."

"వాసన పోలేదు బాబూ, మీ ముక్కు పోయింది. ఈ వాయువు ముందు ముక్కును మొద్దుబారుస్తుంది."

అతను మొహమాటంగా నవ్వాడు. పెద్దావిడ భయపడుతోందని చుట్టూ ఉన్నవాళ్ళకు అర్థమయ్యేలా నవ్వాడు. ఆ నవ్వు మీద నాకు ఇప్పటికీ కోపమే. సందేహం ఉన్నవాడు అడగవచ్చు, వాదించవచ్చు. తనకేమీ తెలియని విషయం మీద తెలిసినవాళ్ళను చూసి జాలిపడడం మాత్రం క్షమించరానిది.

గాలి మారాక మేడమ్ ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని తానే లోపలికి వెళ్ళి, పళ్ళేన్ని ఆరుబయట ఒక మూలకు చేర్చి, పొడి ఇసుక కప్పించారు. తాను తిరిగివచ్చేదాకా ఎవరూ ముట్టుకోవద్దని, మిగిలినదాన్ని తూచాలని ఫణీంద్రకు మరీ మరీ చెప్పారు. మల్లేశాన్ని అప్పటికే కంపెనీ వ్యానులో ఆసుపత్రికి పంపారు. మేము చేరేసరికి కంపెనీ మనిషి అక్కడి డాక్టరుకు సెట్టుకు వేసిన రంగుల ఘాటు పడలేదని చెప్పి ఉన్నాడు. కళ్ళకు మందు వేసి ఇంటికి పంపే ప్రయత్నంలో ఉన్నారు. మేడమ్ ఆ యువ వైద్యుడి ముందు కూర్చుని, వాయువు పేరు చెప్పి, ఊపిరితిత్తుల్లో నీరు చేరడం కొన్ని గంటల తరువాత మొదలుకావచ్చని వివరించారు. అతను మంచివాడు, పుస్తకం తీసి చూసుకుని మల్లేశాన్ని చేర్చుకున్నాడు. సాయంత్రానికి ఊపిరి అందక ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చింది. రంగుల ఘాటు అనే ఆ ఒక్క మాట నిలిచి ఉంటే, ఆ సాయంత్రం అతను కృష్ణానగర్ గదిలో ఉండేవాడు.

మాట్లాడగలిగిన వెంటనే అతను నాతో చెప్పిన మాటలు ఇవి. నేను స్వయంగా విన్నాను.

"అక్కా, మేడమ్ వద్దన్నదని నేను జెప్పిన. ముహూర్తంకాడ మూసివున్నది ఉండొద్దు, టైల్స్ కోసే మెషిన్ తీస్కరా అన్నడు మేనేజర్ సారు. నేనే కోసిన. గని గీ ముచ్చట నేను జెప్పిన్నని ఎవలకు చెప్పకు."

మేడమ్‌కు ఒక్కరికే చెప్పాను. ఎందుకు చెప్పవద్దన్నాడో రెండు రోజుల్లో తెలిసింది. మల్లేశం నిర్లక్ష్యంగా గొట్టాన్ని కిందపడేసి పగలగొట్టాడని కంపెనీ యూనియన్‌కు ఫిర్యాదు చేసింది. అతని కార్డు రద్దు చేయాలని కోరింది. కార్డు లేని మనిషిని ఏ సెట్టు గేటూ లోపలికి రానివ్వదు. నిజం చెబితే మేనేజరు పని ఇవ్వడు, చెప్పకపోతే యూనియన్ ఇవ్వదు. ఆక్సిజన్ గొట్టం ముక్కున పెట్టుకుని అతను ఆలోచించవలసి వచ్చింది దీని గురించి.

ముహూర్తం నాటి సాయంత్రమే ఆసుపత్రి నుంచి మేము పళ్ళెం కోసం వెళ్ళేసరికి అది తళతళా మెరుస్తోంది. మధ్యాహ్నం షాటుకు కావాలని ఫినాయిల్ పోసి తోమించారట. ఇసుకతో సహా అంతా కాలువలోకి పోయింది. కడిగినప్పుడు ఇంకా ఎంత వాయువు పుట్టిందో, ఎవరెవరు పీల్చారో అడిగేవాళ్ళు లేరు. గొట్టం ముక్కలు మాత్రం వడ్రంగుల షెడ్డు వెనుక రంపపు పొట్టులో దొరికాయి. మేడమ్ వాటిని కాగితంలో చుట్టి ఇంటికి తీసుకెళ్ళారు.

మల్లేశం నోరు విప్పనవసరం లేకుండా గొట్టం చేతనే చెప్పించాలని ఆమె నిర్ణయించుకున్నారు. మల్లేశం ఆసుపత్రి నుంచి వచ్చాక, అతని ఎదుటే జరిగిన విచారణలో యూనియన్ ఆఫీసు బల్ల మీద రెండు ముక్కలూ పెట్టి, కమిటీ వాళ్ళను వేలితో తడిమి చూడమన్నారు. అంచు చుట్టూరా తిన్నగా, పాలు తగిలినట్టు మసకగా ఉంది. తరువాత సంచిలోంచి అదే కొలత ఖాళీ క్వార్ట్జ్ గొట్టం తీసి, ఛాతీ ఎత్తు నుంచి నేల మీదికి వదిలారు. అది ముక్కలైంది. ఆ ముక్కల అంచులు అద్దంలా మెరుస్తూ, ఆల్చిప్పలా వంపు తిరిగి ఉన్నాయి. కిందపడితే ఇలా ఉంటుంది, చక్రంతో కోస్తే అలా ఉంటుంది, ఇంతకంటే నాకు తెలియదు అని చెప్పి కూర్చున్నారు.

ఫణీంద్ర లేచాడు. "అంత విషమని తెలిసీ మీరు సెట్టుకెందుకు ఇచ్చారండీ? ముందు దానికి జవాబు చెప్పండి."

"ఇవ్వడం నా తప్పే. నల్లదానితో సరిపెట్టవలసింది. నా తప్పు నేను రాసి ఇస్తాను. మీది కూడా మీరు రాసి ఇవ్వండి."

నేను ఆమె దగ్గర నేర్చుకున్న పాఠాలన్నీ ఒకవైపు పెట్టి ఈ ఒక్క సమాధానాన్ని రెండోవైపు పెడతాను. అనుమానం అనేది ముందు తన మీద మొదలుకావాలని ఆమె ఏ తరగతిలోనూ చెప్పలేదు. ఆ బల్ల దగ్గర చేసి చూపించారు. ఎదుటివాళ్ళ వాదనలోని లొసుగు పట్టుకోవడం ఎవరికైనా వచ్చే విద్య. తన లొసుగు తానే ముందు బయటపెట్టి, అయినా ఎదుటివాడి అబద్ధాన్ని వదిలిపెట్టకుండా నిలబడడం వేరే విద్య.

కమిటీ పెద్దాయన అందరినీ సంతోషపెట్టే తీర్పు చెప్పారు. మల్లేశం కార్డు ఉంటుంది. గొట్టం అనుకోకుండా తెరుచుకుంది. ఎవరి తప్పూ లేదు. ఫణీంద్ర వెంటనే చేతులు జోడించాడు.

"గాజు గొట్టం తనంతట తాను కోసుకోదండీ," అన్నారు మేడమ్. "ఎవరో కోయమన్నారు. ఆ మాట కూడా తీర్పులో ఉండాలి."

అప్పుడు మల్లేశం గోడవారగా కుర్చీలోంచి లేచాడు. నిలబడడానికి అతనికి కొంత సమయం పట్టింది.

"ఇడ్సిపెట్టుండ్రి మేడమ్. నాకు పని కావాలె. నిజం మీకాడ ఉండనీయుండ్రి."

నేను ఆమె ఒప్పుకోరనుకున్నాను. ఒప్పుకోకూడదని కోరుకున్నాను కూడా. ఆమె ముక్కలు రెండూ కాగితంలో చుట్టుకుని లేచారు. ఆటోలో నేను కోపంతో మాట్లాడుతుంటే, వెంగళరావు నగర్ మలుపు దాకా విని, "నిజం నాకు పనికొస్తుంది. దాని ఖరీదు కట్టేది అతను. ఎంత కట్టాలో అతనే చెప్పాలి" అన్నారు. ఆ మాటతో నేను ఇప్పటికీ పూర్తిగా రాజీపడలేదు. అది తప్పని నిరూపించడం కూడా నా వల్ల కాలేదు.

ఆమె పేరు సినిమాలో లేదు. సలహాదారుగా మరొకరి పేరు వేశారు. ఫణీంద్ర ఇప్పుడు ఇంకో పెద్ద సంస్థలో ఉన్నాడు. మల్లేశం పోయిన నెల ఫోన్ చేసి, తన పేరుతోనే ఇదంతా రాయమన్నాడు. దగ్గు వల్ల సెట్టు పని ఎలాగూ వదిలేశానని, ఇంక పోయేదేమీ లేదని చెప్పాడు. అందుకే రాశాను. ఎవరైనా నా ముందు ఒక మాట ఖాయంగా చెబితే, నువ్వు ఏం చూశావని అడుగుతాను. నేను ఖాయంగా చెప్పబోయినప్పుడు మరింత గట్టిగా అడుగుతాను. ఆమె నుంచి నాకు దక్కింది ఇదే.

అలా అడుగుతూ వచ్చినా ఒక ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. మల్లేశం ఇవాళ ఫిల్మ్ నగర్ వాలు ఎక్కుతూ మధ్యలో రెండుమూడు చోట్ల ఆగుతాడు. ఆ దగ్గు ఆనాటి వాయువుదేనా, లేక చిన్నప్పటి నుంచి పీల్చిన రంపపు పొట్టు, రంగులు, బీడీలదా? ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా, ఆ రోజు ఎంత పీల్చావని మొదట అడుగుతాడు. గొట్టంలో ఎంత పదార్థం వేశారో మేడమ్‌కు తెలుసు. పళ్ళెంలో ఎంత మిగిలిందో తూచి ఉంటే, ఎంత వాయువైందో ఆ సాయంత్రమే లెక్క తేలేది. తూచడానికి ఏమీ మిగల్చలేదు. అతను ఎంత పీల్చాడో నాకు తెలియదు. ఇక ఎవరికీ తెలియదు. మధ్యాహ్నం షాటుకు పళ్ళెం శుభ్రంగా కావలసి వచ్చింది.